మెడ ఎవరిది?

"వచ్చే నెలలోనే మా షష్టిపూర్తండీ. మళ్ళీ తాళి కట్టేటప్పుడు ఈ వేలాడే మెడ వీడియోలో పడితే నా పరువు పోద్ది," అన్నాడు పానకాలరావు, భార్య గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి చూపిస్తూ.

కనకవల్లి ఆ చేతిని విసిరికొట్టింది.

బెంజిసర్కిల్ దగ్గరి ఆ క్లినిక్ డాక్టరమ్మ ఆయన వైపు చూడకుండా ఆవిడతోనే మాట్లాడింది. "చర్మం కింద దారాలు వేసి పైకి లాగొచ్చండీ. త్వరగా కోలుకుంటారు, కానీ ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ జారుతుంది. ఆపరేషనైతే చాలా ఏళ్ళు ఉంటుంది. కాకపోతే కుట్లు పూర్తిగా మానేదాకా, రెండు మూడు నెలలు, మెడలో ఏమీ వేసుకోకూడదు. మీకేది కావాలి?"

"దారాలే వెయ్యండి," అన్నాడాయన. "ముహూర్తం పెట్టేశాం."

"ఏమీ అంటే, సూత్రాలు కూడానా అండీ?" అడిగింది కనకవల్లి.

"సూత్రాలు కూడా."

ఆవిడ సూత్రాల గొలుసు తీసి భర్త చొక్కా జేబులో పడేసింది.

"పిచ్చెక్కిందా? పీటల మీద తాళి ఎక్కడ కట్టమంటావ్?"

కనకవల్లి డాక్టరమ్మనే చూస్తూ అంది.

"మొదటిసారి కట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదండీ. ఈసారి మీరు అడిగారు. ఆపరేషనే చెయ్యండి."