తుక్కు తాతయ్య మోసుకొచ్చింది

లారీ అప్పటికే వెనక్కి వచ్చి తొట్టికి ఆనుకుంది. డ్రైవరు దిగి గొలుసులు తగిలిస్తున్నాడు.

తుక్కు తాతయ్య ఇంకా తొట్టిలోనే ఉన్నాడు.

మూలమీది పాత గిడ్డంగిని కూలగొట్టడం మొదలైనప్పటి నుంచీ, బడి గోడ పక్కన పెట్టిన ఆ పెద్ద ఇనప చెత్త తొట్టి ఆయనకి రెండో ఇల్లయింది. పగిలిన సింకు తెచ్చి పుదీనా వేశాడు. అరిగిపోయిన కారు టైర్లలో మట్టి నింపి బంతి మొక్కలు నాటాడు. కిటికీ చట్రాలు నిలబెట్టి వాటి మీదికి బీరపాదు పాకించాడు. ఏదైనా పాత స్నానాల తొట్టి దొరక్కపోతుందా, దాంట్లో కలువలు వెయ్యకపోతానా అని పెరటి చివర నడుం లోతు గొయ్యి కూడా తవ్వి పెట్టుకున్నాడు. తుక్కు తాతయ్య అని పేరు పెట్టింది వీధిలో పిల్లలు. ఆయన దాన్ని బిరుదులాగే తీసుకున్నాడు.

"పెద్దాయనా, దిగు! ఎత్తేస్తున్నా!" అని అరిచాడు డ్రైవరు.

ఇటుక ముక్కల కింద తాతయ్య చెయ్యి దేనిమీదో ఆగిపోయింది. మూరెడు పొడుగు ఇనప కూజాలాంటిది. తుప్పుపట్టి, మట్టి అట్టలు కట్టి ఉంది. వేళ్ళతో మెల్లిగా మట్టి రాల్చి చూశాడు.

"బాబూ, ఇంజను ఆపు."

"ఆపితే మళ్ళీ స్టార్టవదు. పొద్దున్నుంచీ దీంతో చస్తున్నా."

"నీ కాళ్ళు పట్టుకుంటా. ఆపు నాయనా!"

డ్రైవరు విస్తుపోయాడు. తుక్కు కోసం కాళ్ళు పట్టుకుంటాననే మనిషిని ఇదే చూడటం. గొణుక్కుంటూనే ఇంజను ఆపాడు.

బడి గేటు ముందు తల్లులు గుంపుగా నిలబడి ఉన్నారు. గంట కొట్టే వేళయింది. తాతయ్య అటు చూశాడు. తను నోరు విప్పితే అందరూ ఇక్కడే పోగవుతారు. పోగయ్యారంటే మొత్తం పని చెడుతుంది. పెదవులు బిగబట్టి, కూజాను రెండు చేతులా ఎత్తి, చంటిపిల్లని హత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని, తొట్టికి కిందికి వాల్చి ఉన్న తలుపు మీదుగా అడుగులో అడుగు వేసుకుంటూ దిగాడు.

"బంగారమేమైనా ఉందా ఏంటి అందులో?" డ్రైవరు నవ్వాడు.

ఆయన నవ్వలేదు.

ఊరి వైపు కాకుండా ఇంటి దారి పట్టాడు. ఆయనది వీధిలో చిట్టచివరి ఇల్లు. అటుపక్కంతా ఖాళీ మైదానం. రోజూ చకచకా నడిచే దారి ఇవాళ సాగనంటోంది. ప్రతి గుంటనీ చూసి పాదం మోపుతున్నాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వెనకనుంచి స్కూటరు వచ్చి ఆగింది. తెలిసిన టైలరే.

"రండి బాబాయ్, ఎక్కండి. దింపేస్తా."

"అక్కర్లేదు. పో."

"బరువుగా ఉన్నట్టుందే. పోనీ, ఇటివ్వండి."

"ముట్టుకోకు! పొమ్మంటే పోవేం?"

ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి అంత కటువుగా అనేసరికి టైలరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

ఇంటి ముందు భార్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ తెచ్చారూ? ఇంక ఒక్క ముక్క కూడా తేనని మొన్నేగా ఒట్టేశారు!"

ఆయన ఆగకుండా పక్క సందులోంచి పెరట్లోకి నడిచాడు. ఆమె వెంటపడింది.

"మిమ్మల్నే! ఇంకో తుక్కు ఈ ఇంట్లో అడుగుపెడితే నేను బయటికి పోతానని చెప్పానా, లేదా?"

"పో మరి."

"ఏమన్నారు?"

ఏ మాటంటే ఆమె ఇంక క్షణం కూడా నిలబడదో ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి బాగా తెలుసు. ఎన్ని గొడవలు పడ్డా ఆ మాట ఎన్నడూ నోటివెంట రానివ్వలేదు. ఇప్పుడన్నాడు.

"నీతో వేగడం కన్నా ఈ తుక్కుతో బతకడం నయం. బడి దగ్గర మనవరాల్ని తీసుకుని అటునుంచటే మీ చెల్లెలింటికి పో. నేను పిలిచేదాకా ఈ ఛాయలకి రాకు."

ఆమె మొహం పాలిపోయింది. కళ్ళ నీళ్ళతో చెప్పులు వేసుకుని, వెళుతూ వెళుతూ గేటు ధన్‌మని వేసింది. ఆ చప్పుడికి ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తెరిచేసరికి పెరట్లో తనొక్కడే.

మోకాళ్ళ మీద కూర్చుని కూజాను గోతిలోకి దించాడు. తర్వాత మట్టి టైర్లు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి గోతి చుట్టూ పేర్చాడు. ప్రాణంగా పెంచుకున్న బంతి మొక్కలు నలిగిపోతున్నా చూడలేదు. ఆఖరి టైరు పెట్టగానే వెనక్కి వెనక్కి నడిచి వీధిలోకొచ్చాడు. దూరంగా భార్య కళ్ళు తుడుచుకుంటూ మలుపు తిరిగింది. ఆమె కనుమరుగయ్యాకే ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

జేబులోంచి ఫోను తీసి నంబరు నొక్కాడు.

"నేను మీ బాంబు స్క్వాడులో చేసి రిటైరైనవాణ్ణి, వెంటనే మనుషుల్ని పంపండి, బడి పక్క చెత్త తొట్టిలో దొరికిన ఫిరంగి గుండు మా పెరటి గోతిలో ఉంది, ఇంకా పేలలేదు."