ఇప్పచెట్ల కింద మంటలు

భద్రమ్మ ఇప్పచెట్టు కింద ఒక తెల్లవాడు పడి ఉన్నాడు.

పైన కొమ్మలకు పెద్ద తెల్లగుడ్డ చిక్కుకుని వేలాడుతోంది. వాడి నడుము కిందంతా నెత్తురు.

అవి బర్మాలో యుద్ధం జరుగుతున్న రోజులు. యుద్ధమంటే అడవిలో పామేడు దాపునున్న ఆ పల్లెకు తెలిసింది ఒక్కటే, ఉప్పు ప్రియమైందని.

ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు కోసం ఎలుగుబంట్లు వస్తాయి. అందుకని ఎవరి చెట్టు కింద వాళ్ళు మంట వేసుకుని, పిల్లాజెల్లాతో అక్కడే పడుకుంటారు. ఈ ఊరనే కాదు, ఆ రోజుల్లో అడవంతా అంతే.

ఆ వేకువన ఒక విమానం మూలుగుతూ అడవి మీదుగా పోయింది. కాసేపటికే గుట్ట దగ్గర నేల అదిరింది. జనం బెదిరి పల్లెలోకి పరిగెత్తారు. తెల్లారి వచ్చి చూస్తే వీడు.

"పానం ఉంది మామా. నీళ్ళు తాపిస్త," అంటూ భద్రమ్మ సొరకాయ బుర్ర అందుకుంది.

"ఆగు బిడ్డా, ఎవడో ఏందో," అన్నాడు ఊరిపెద్ద రామయ్య.

తెల్లవాడు కళ్ళు తెరిచాడు. బుర్ర వైపు చూడలేదు. వేలితో చెట్టు కింది మంటను చూపించాడు. పక్క చెట్టు కింది మంటను చూపించాడు. ఆ తర్వాత మనుషుల్ని ఒక్కొక్కరినే చూపించుకుంటూ వచ్చాడు. భద్రమ్మను, ఆమె కొడుకు భూషణాన్ని, పక్క చెట్టు సోమమ్మను, ఆమె చంకలో ఉన్న పసిదాన్ని. చివరికి చెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వాడు.

భద్రమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పోయినేడు జంగిల్ గార్డు గిట్లనే చూపిచ్చిండు," అన్నాడు రామయ్య మెల్లగా. "ముందుగాల చెట్లు. ఎన్కసిరి మనుషులు."

అది మరిచిపోయిన వాళ్ళెవరూ లేరక్కడ. గార్డు వచ్చిపోయిన వారానికే సంస్థానం జవాన్లు వచ్చి మగవాళ్ళను రోడ్డు వెట్టికి తోలుకుపోయారు. భద్రమ్మ మొగుడు సీతారాములు అందులోనే పోయాడు. తిరిగొచ్చింది ఆయన తలగుడ్డ ఒక్కటే.

"ఇగ మొగులు మీదికెళ్ళి గూడ దిగవట్టిరి," అంది సోమమ్మ ఆకాశం వైపు చూస్తూ.

"నీళ్ళు పోస్తే బతుకుతడు. బతికితే సర్కారుకు లెక్క జెప్తడు. నీ ఇష్టం బిడ్డా," అన్నాడు రామయ్య.

భద్రమ్మ రాతిగుండె మనిషి కాదు. కానీ ఉన్నది ఒక్క కొడుకు, వాడికి వెట్టి ఈడు వచ్చింది. కొడుకును వెనక్కి నెట్టి, బుర్రకు మూత బిగించింది.

తెల్లవాడు ఇప్పుడు బుర్ర వైపు చూశాడు. పెదాలు కదిలాయి.

ఎండెక్కింది. ఆడవాళ్ళు వాడి చుట్టూరా పువ్వు ఏరుకున్నారు. ఎవరూ అటు తల తిప్పలేదు. గంపలు నిండేసరికి వాడు పోయాడు. అక్కడే గొయ్యి తీసి పూడ్చారు.

మూడోనాడు జవాన్లు వచ్చారు. వెంట మెడకు చెయ్యి కట్టుకున్న ఇంకో తెల్లవాడు ఉన్నాడు. అదే విమానంలోంచి దూకి బతికినవాడట. మాట తిప్పి చెప్పడానికి, దొరల దగ్గర వంట చేసే మంగ్లూను తెచ్చుకున్నారు.

దొర మట్టికుప్ప ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఏదో అడిగాడు.

"చచ్చేముందు ఏమన్న చెప్పిండా అంటున్నడు," అన్నాడు మంగ్లూ.

భద్రమ్మ ముందుకొచ్చింది.

"మంటలు చూపిచ్చిండు. మమ్ముల ఒక్కొక్కల్ని చూపిచ్చిండు. నవ్విండు."

మంగ్లూ ఆ మాట తిప్పి చెప్పాడు. దొర మొహం కప్పుకుని అలాగే కూలబడ్డాడు. ఆగి ఆగి ఏదో చెప్పాడు.

"సముద్రం అవతల దుష్మన్ ఫౌజు మీద బాంబులెయ్య పోయిండ్రట," అన్నాడు మంగ్లూ. "తుఫాన్ల తొవ్వ తప్పి ఇటొచ్చిండ్రు. ఇంజన్ ఖరాబైంది. బాంబులు కింద పారేస్తే బరువు తగ్గి గాలిజహాజ్ బతుకుతది. పారేయమని హుకుం గూడ అయింది."

"మరి పారేయలేదేంది?" అన్నాడు రామయ్య.

మంగ్లూ మట్టికుప్ప వైపు చెయ్యి చూపించాడు.

"బాంబులు ఇడిసేటాయన గీయనే. మంటున్న కాడ మనుషులుంటరు, ఈ మంటలు దాటనియ్యిండ్రి అనుకుంట, దూకేదాక ఇడువలేదట. జహాజ్ బాంబులతోటే పోయి గుట్టకు తగిలింది."