ఎవరి పొయ్యి వాళ్లకు

"నా రైలు పోయినంకనే పట్టాల మీద కూసుంటమంటివి గద నాయినా!" తెలంగాణ కోసం జరుగుతున్న రైలురోకోతో మానుకోటలో ఆగిపోయిన బండి దిగి సుమలత ఏడ్చింది.

"బండే లేటొచ్చె బిడ్డా." జనంతో పాటు పట్టాల మీద కూర్చున్న ప్రభుదాసు తలెత్తలేదు.

ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఢిల్లీలో పెడుతున్న యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రేపే, హైదరాబాదులో.

"దేశాలే కలుస్తుంటె మీరు వేరుపడుతమంటరు!"

"కలిసి తినాల్నన్నా ఎవలి పొయ్యి వాళ్లకుండాలె."

పక్కనున్న రుఖయ్యా లేచింది. తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన తౌఫీక్ తల్లి ఆమె. "లేవుండ్రన్నా. నా కొడుకు ఎట్లాగూ పరీక్ష రాయలే. గీ పిల్లనన్న పోనియ్యుండ్రి."

అందరూ లేచారు. పట్టాలు ఖాళీ అయినా బండి కదలలేదు. తర్వాతి స్టేషన్‌లోనూ జనం పట్టాల మీద కూర్చున్నారట.

"మాఫ్ చెయ్ బిడ్డా," అంటూ రుఖయ్యా మళ్లీ కూలబడింది.

సుమలత పుస్తకాల సంచి దించి ఆమె పక్కనే పట్టాల మీద కూర్చుంది.

"తౌఫీక్ ఏం సదువుతుండె, పెద్దమ్మా?"