తిండి మడి బియ్యం

"ఈ బియ్యం ఏ దుకాణంలో కొన్నావు?" అన్నాడు గైడు శ్రీకాంత్ సార్, ల్యాబ్ రిపోర్టు టేబుల్ మీద పడేసి.

ప్రశాంతి రిపోర్టు చేతిలోకి తీసుకుంది. వరికి కొట్టే పురుగుమందులు నేలలో ఎంత, నీళ్లలో ఎంత, చివరికి గింజలో ఎంత మిగులుతున్నాయన్నదే ఎమ్మెస్సీలో ఆమె ప్రాజెక్టు. హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు నుంచి తెచ్చిన పదకొండు నమూనాల రిపోర్టులు ఎప్పుడో వచ్చేశాయి. పన్నెండోది ఆమె సొంత ఇంటిది. కోదాడ వైపు అనంతగిరి దగ్గరి పల్లెలో నాన్న సైదులు ఇంటి తిండికని విడిగా పండించే అరెకరం మడి. ఏటా ఎరువుకని అందులో గొర్రెల మందను తోలడమే తప్ప ఆ మడి మందు వాసన ఎరగదు. మిగతా పదకొండింటినీ దాంతోనే పోల్చాలి.

తీరా చూస్తే అన్నిటికంటే ఎక్కువ విషం ఆ పన్నెండో సంచిలోనే ఉంది.

"కొనలేదు సార్. మా ఇంటి నుంచే తెచ్చిన."

"నాకే చెబుతావా? నువ్వు అదే రోజు మా ఇంటికీ ఒక బస్తా తెచ్చిచ్చావు. రెండు నెలలుగా ఆ బియ్యమే వండుకుంటున్నాం. మల్లెపువ్వులా ఉంటుంది అన్నం. అవి ఇవి ఒకటేనంటే నమ్మమంటావా? సంచి దారిలో ఎక్కడో పోగొట్టుకుని బజారు బియ్యం పోసుకొచ్చావు. సోమవారం వైవా. ఆలోగా అసలు సంగతి తేల్చు. లేదంటే నేను సంతకం పెట్టను."

రెండేళ్ల చదువు. ప్రశాంతి రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికల్లా కోదాడలో బస్సు దిగి, ఆటో పట్టుకుని ఇంటికి చేరింది. భుజాన బ్యాగు దించకుండానే నాన్న మీద పడింది.

"నాన్నా, నిజం జెప్పు. తిండి మడికి మందు కొట్టినవా?"

"ఎండల పడొచ్చి గదేనా అడిగేది? ముందుగాల నీళ్లు తాగు."

"కొట్టినవా, కొట్టలేదా?"

"కొట్టలే."

"పక్కోళ్లు కొట్టింది గాలికి వచ్చిందా మరి?"

"గాలికొస్తే పక్కోని మడి కంటే మన మడిలనే ఎక్కువెట్లుంటదే?" అన్నాడు సైదులు. ప్రశాంతి బ్యాగులోంచి రిపోర్టు తీసి ఆయన ముందు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు గాని, సారు ఎర్ర పెన్నుతో చుట్టిన సున్నా మాత్రం బాగానే కనిపించింది. ముఖం నల్లబడింది.

"నీ మీద ఒట్టు బిడ్డా. నువ్వు పుట్టినకాడికెళ్లి దాంట్ల సుక్క మందు పొయ్యలే. అమ్మే పొలానికి కొడ్త, కాదన. మనం తినేదానికి ఎట్ల కొడ్తనే?"

ఆ ముఖం చూస్తే అబద్ధం ఆడుతున్నాడని అనుకోవడానికి లేదు. అడిగినందుకు ప్రశాంతికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

వంటింట్లోంచి చేట పట్టుకుని తల్లి గోపమ్మ బయటికొచ్చింది. "ఏందే గీ లొల్లి? ఎందుకేడుస్తున్నవ్?" అంది. కూతురు వెక్కుతూనే సంగతంతా చెప్పింది.

"ఓసి, గంతేనా? అది నేను కలిపిన్నే" అంది గోపమ్మ, చేటలో రాళ్లు ఏరుతూనే.

సైదులు రిపోర్టు పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"ఏం కలిపినవే?"

"తెల్ల పొడి. పురుగుల మందుల దుకాణంల అమ్ముతరు. ఏపాకేస్తే పది దినాలు సుత ఆగలే, పురుగు పట్టబట్టె. నువ్వేమో సదువుల పెద్దసార్లకు సూపియ్యాలంటివి. పురుగుల బియ్యం తీస్కపోతే ఇజ్జత్ పోదా? అందుకే సంచిల గుప్పెడు పొడి కలిపి మూతి గట్టిన."

ప్రశాంతి తన ప్రశ్నల పట్టిక తిరగేసింది. నమూనా తీసుకున్న రోజు నాన్నను కూర్చోబెట్టి అరవై రెండు ప్రశ్నలు అడిగి రాసుకుంది. విత్తనం ఎక్కడిది, ఎరువు ఏది, కోత ఎప్పుడు అని అన్నీ అడిగింది. బియ్యం ఇంట్లోకి చేరాక ఎవరు ఏం చేస్తారన్న ప్రశ్న ఒక్కటీ లేదు. అమ్మను అసలు అడగనే లేదు.

కాసేపటికి నవ్వొచ్చింది. బతికిపోయాననుకుంటూ సారుకు ఫోన్ చేసి, అమ్మా నాన్నా వినేలా స్పీకర్ పెట్టింది.

"సార్, మడిల తప్పు లేదు. మా ఇంట్ల తెలియక ఆ సంచిని పాడు చేసిన్రు. గాదెల వడ్లున్నయి, మళ్లీ పట్టించి తెస్త."

"హమ్మయ్య! తీసుకురా, సంతకం పెడతా. నిన్న తొందరపడి నిన్ను నానా మాటలూ అన్నాను, ఏమీ అనుకోకు." సారు గొంతులో నవ్వు. "మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు. ఆ పదకొండు రిపోర్టులు చూశాక మా పాపకు బజారు బియ్యం పెట్టాలంటే భయమేసింది. మీ బస్తా వచ్చాకే దిగులు తీరింది. ఏడో నెల కదా, మూడు పూటలా ఆ బియ్యంతో చేసిన ఉగ్గే. ఇదిగో, ఇప్పుడూ అదే తింటోంది, విను."

ఫోన్లో పసిబిడ్డ కేరింతలు వినిపించాయి.

గోపమ్మ ముఖం వెలిగిపోయింది. చేట కింద పెట్టి ఫోన్ దగ్గరికి వంగింది.

"సారూ, బస్తాకు పురుగు పట్టలేదు గదా? మా పిల్ల సంచికైతే గుప్పెడే ఏసిన. మీది మటుకు పసిపిల్ల తినేదని, డబ్బాకు డబ్బా కలిపిన."