చూద్దాంలే

"అన్నయ్యా, ఈ చొక్కా బట్ట నేను కత్తిరించనా?" అని అడిగాను.

"చూద్దాంలే," అన్నాడు అన్నయ్య, కత్తెర ఆపకుండానే.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అవునని చెప్పదు, కాదని చెప్పదు. మా కుట్టు షాపులో గుండీలు, కాజాలు నావి. కత్తెర మాత్రం అన్నయ్యది. ఆరేళ్లుగా అడుగుతున్నాను. ఆరేళ్లుగా చూద్దాంలే.

"అన్నట్టు, మా అత్తగారు మంచాన పడ్డారు. పుట్టింట్లో వదిన ఒక్కర్తే చేసుకోలేకపోతోంది. ఓ నెల్లాళ్లు నువ్వెళ్లి సాయంగా ఉండాలి," అన్నాడు.

ఆవిడంటే నాకూ జాలే. వెళ్దామనే అనుకున్నాను. నోటికి మాత్రం, "చూద్దాంలే అన్నయ్యా," అని వచ్చింది.

అన్నయ్య కత్తెర బల్ల మీద విసిరికొట్టాడు. అది జారి నా ముందుకొచ్చి ఆగింది.

"వెళ్లనని మొహం మీదే చెప్పొచ్చుగా! ఈ నాన్చుడెందుకు?"

"వెళ్లనని నేనెప్పుడన్నాను?"

"చూద్దాంలే అంటే ఇంకేంటే? నాకా మాత్రం తెలీదా?"

నా చేతిలో కాజా సగంలో ఆగిపోయింది.

"నీకు తెలుసన్నమాట," అన్నాను. "పిచ్చిదాన్ని, ఆరేళ్లూ నువ్వు నిజంగానే చూస్తావనుకున్నాను."