దారి మళ్లే వెలగకాయ

ఏటి అవతల కోతులు డొల్ల వెలగకాయల్లో తుమ్మెదల్ని పెట్టి, విసిరాక గాలిలో దారి మళ్లి కుందేళ్లకు తగిలేలా చేస్తున్నాయట. ఆ కబురు విని హడలిపోయిన కుందేళ్ల పెద్ద ధవళి, నిజం తేల్చుకు రమ్మని పింగళ అనే తీతువును పంపింది.

పింగళ చాటునుంచి చూసింది. కాయలన్నీ ఏట్లోనే పడుతున్నాయి. ఒక్కటి మాత్రం గాలిలో వంపు తిరిగింది.

"ఇప్పటికి భయం లేదు. వానలకల్లా గురి కుదురుతుంది," అని తిరిగొచ్చి ధవళికి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే ఈలోపే వాళ్ల మీద పడదాం!" అన్నాయి కుర్ర కుందేళ్లు.

"ఎందుకు చేస్తున్నారో అడిగావా?" అంది ధవళి.

పింగళ గుండె దిటవు చేసుకుని, ఈసారి కోతుల పెద్ద ఎదుటికే వెళ్లి అడిగింది.

"మీ కుందేళ్లు ఏటి కిందుగా మా మీదికి సొరంగం తవ్వుతున్నాయటగా!" అంది ముసలి కోతి వణుకుతూ.

"అవి పిల్లల్ని దాచుకునే బొరియలమ్మా. వచ్చి చూడు."

కోతి ఏరు దాటి వచ్చి బొరియలోకి తొంగిచూసింది. కళ్లు తెరవని కూనలు ఒకదాన్నొకటి హత్తుకుని పడుకున్నాయి.

అది అవతలి గట్టుకు వినపడేలా కేకేసింది: "ఒరేయ్, ఆ తుమ్మెదల్ని వదిలేయండ్రా!"