నిలవని అర

"మళ్ళీ ఊడిందిరా నీ స్క్రూ!"

తమ్ముడు ఇంకా చెప్పులైనా విడవలేదు, అక్క వంటింట్లోంచి కేకేసింది. ఆ 'నీ' అన్న మాటే అతనికి సూదిలా గుచ్చుకుంది. ఇనప సామాను కొట్టు అతనిదే మరి. అతని దగ్గర కొన్న స్క్రూలతో బిగించిన తలుపులూ మంచాలూ ఊరంతా నిక్షేపంలా ఉన్నాయి. అక్కగారి వంటింటి అర ఒక్కటే మాటిమాటికీ చేతులెత్తేస్తుంది.

వెళ్ళి చూశాడు. చెక్క అర ఒక పక్కకి వేలాడుతోంది. దాని మీద ఉండాల్సిన గాజు సీసాలు మాత్రం బల్ల మీద బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"ఒక్కటీ పగల్లేదే!"

"నా అదృష్టం. తుడుద్దామని అప్పుడే తీసి పెట్టాను."

"పోయినసారీ ఇలాగే తుడుస్తున్నావుగా?"

"శుభ్రంగా ఉండటం కూడా తప్పేనా? ముందు ఈ మూత తియ్యి" అని ఓ సీసా చేతిలో పెట్టింది. వేళ్ళ కీళ్ళు వాచినప్పటి నుంచీ అక్కకి సీసా మూత తీయడం గగనమైపోయింది.

మూత కదల్లేదు. చాకుతో ఎత్తుదామని బల్ల మీదున్నది అందుకున్నాడు. పిడి గుప్పిటనిండా లావుగా, వెన్నలా నున్నగా ఉంది. మొన మాత్రం వంకరపోయింది.

"పిడి మీ బావే చెక్కారు. లావుగా ఉంటే నా వేళ్ళకి నొప్పి తెలియదని."

"మొనేమిటి, ఇలా అయింది?"

"వంటింట్లో చాకన్నాక సవాలక్ష పనులు. నువ్వు మూత సంగతి చూడు."

బావ ముందుగదిలో కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. కుర్చీల కార్ఖానా మూతపడ్డ దగ్గర్నుంచీ ఆయన వరస ఇదే. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు, అంతకు మించి లేదు. ఒకప్పుడు నోరు తెరిస్తే నలుగురినీ నవ్వించిన మనిషి.

నిజానికి అతను వచ్చింది అరను చూడటానికి కాదు. కొట్టు మీది గది ఖాళీగా ఉంది. పీటలూ అరలూ సొంతంగా చేసుకోవాలని జనానికి ఈమధ్య సరదా పుట్టింది. నేర్పే మనిషిని పెడితే గది కళకళలాడుతుంది, బావ కంటే తగినవాడు లేడు. కానీ ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. సొంత వంటింట్లో అర నిలబెట్టలేనివాడు ఊరికేం నేర్పుతాడు? అది తేల్చుకుందామనే ఇవాళ సంచిలో డ్రిల్లింగు మిషను, జిగురు డబ్బా, పొడుగాటి స్క్రూలు వేసుకుని మరీ వచ్చాడు.

"ఏవండీ, అర ఊడింది!" అక్క అరిచింది.

బావ లేచాడు. నిజంగానే లేచాడు, వెన్ను నిటారుగా పెట్టి. పనిముట్ల పెట్టె తెచ్చి, అరను దించి, కిటికీ దగ్గర వెలుగులో పెట్టుకున్నాడు.

"ఇది పాత తలుపు చెక్కరా. చేవగలది. వాసన చూడు."

గరుకు కాగితంతో అంచు రుద్దుతూ కూనిరాగం అందుకున్నాడు. తమ్ముడు అరను పరకాయించి చూశాడు. ఊడిన ప్రతిసారీ బావ దానికేదో ఒకటి చేర్చాడు. ఒకసారి గరిటెలకి కొక్కేలు, ఒకసారి అంచుకి చెక్కిన తీగ, ఆ తీగకి ఆకులు. ఇవాళ ఓ చివర చిన్న పిట్టను చెక్కడం మొదలుపెట్టాడు.

"దీని తోక చూడు, మీ అక్క జడలా లేదూ?"

"నా జడ జోలికొస్తే మీకు అన్నం పెట్టను" అంది అక్క గుమ్మానికి ఆనుకుని. "చెక్కింది చాలు. ఈసారైనా గట్టిగా బిగించి చావండి!"

"అలాగేలేవే."

అక్క గొణుక్కుంటూ బట్టలు తీయడానికి బాల్కనీలోకి పోయింది. బావ అరను గోడకి ఆనించి స్క్రూలు ఎక్కించాడు. వెంట్రుకవాసి వంకర లేదు. చేయి వణకలేదు. తమ్ముడి గుండె తేలికపడింది. అంతలో బావ చేయి ఆపేశాడు.

"ఇంకా రెండు చుట్లు పడుతుంది బావా."

"చాలు. ఈ సీసాల బరువుకి ఢోకా లేదు."

"స్క్రూ తల చెక్కకైనా ఆనలేదు!"

"చాలన్నానుగా."

తమ్ముడి ప్రాణం ఉసూరుమంది. దాచుకోకుండా చెప్పేశాడు. "కొట్టు పైగదిలో నలుగురికీ పని నేర్పమని అడుగుదామని వచ్చాను బావా. ఇలా బిగిస్తే జనం నవ్విపోరూ? నీ చేతిలో పట్టు తగ్గింది. ఉండు, నేను జిగురు పెట్టి బిగిస్తాను. మళ్ళీ జన్మలో ఊడదు."

సంచిలోకి పోబోయిన అతని మణికట్టును బావ పట్టుకున్నాడు. ఎముకలు కలుక్కుమన్నాయి. పట్టు ఎక్కడా తగ్గలేదు.

"నేర్పడానికి వస్తాను. అక్కడ ఎంత బిగించమంటే అంత బిగిస్తాను" అన్నాడు బావ. కళ్ళు మెరుస్తున్నాయి. బాల్కనీ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఇక్కడ మరీ బిగిస్తే మీ అక్క వేళ్ళకి విప్పడం కష్టంరా."